తెల్ల సున్నా అంకెలు మారిపోయాయి, నల్ల సున్నావి మారలేదు. ఎందుకంటారు?

పర్లాకిమిడి_టైపింగు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బస్టాండు దగ్గర చిన్న డీటీపీ షాపు. టైపింగు నేను చూస్తాను, జిరాక్సు మిషను మా ఆయన చూస్తారు. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, ఒడియా దరఖాస్తులు, తెలుగు ట్యూషన్ల ప్రశ్నపత్రాలు, ఏది వస్తే అది. పన్నెండేళ్ళు పాత తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే నెట్టుకొచ్చాను. యూనికోడ్‌కి, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరుండే పద్ధతికి, వచ్చి రెండేళ్ళే. కాబట్టి నా ప్రశ్న మరీ ఒకటో తరగతిలాగ ఉంటే నవ్వుకోకండి.

జరిగింది ఏటంటే, మాకు ఎప్పుడూ వచ్చే ట్యూషన్ మాస్టారు ఏడో తరగతి లెక్కల పరీక్షకి 30 ప్రశ్నలు వాట్సాప్‌లో పంపారు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే రకం. చూడ్డానికి బాగుంటుందని ప్రశ్నల నంబర్లకి సున్నా చుట్టిన అంకెలు వేశాను. మొదటి భాగానికి ① నుంచి ⑳ వరకు తెల్లవి, రెండో భాగానికి ❶ నుంచి ❿ వరకు నల్లవి. అంకె పక్కన ఖాళీ వదల్లేదు. సున్నాయే గోడలాగ ఉంది కదా, మళ్ళీ ఖాళీ ఎందుకు అనుకున్నాను.

వాట్సాప్ మేటరులో కంటికి కనబడని చెత్త ఏదో ఉండి లైన్లు ఎక్కడపడితే అక్కడ విరిగిపోతున్నాయి. నెట్‌లో మేటరు శుభ్రం చేసిపెట్టే పేజీ ఒకటి దొరికితే, మొత్తం అందులో వేసి, బటన్ నొక్కి, వచ్చినదాన్ని తెచ్చి మళ్ళీ పేర్చీసాను. తెల్ల సున్నాలు పోయాయని అప్పుడే చూశాను. రాత్రి పదకొండయింది. ఫాంటు మారిందేమో, అంకె ఉంది కదా చాలు అనుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ రెండుసార్లు చూసుకున్నాను గానీ అంకెల జోలికి పోలేదు. 180 కాపీలు తీసి ఇచ్చీసాం.

మర్నాడు సాయంత్రం ఒక గుంట పేపరు పట్టుకుని షాపుకే వచ్చింది, మొహం ఎర్రగా చేసుకుని. మొదటి ప్రశ్నకి తను 24 పెట్టిందట, మాస్టారు తప్పు కొట్టారట. నేను వేసింది ఇది:

①2 + 3 × 4 = ?

జవాబు 14. అచ్చులో పడింది ఇది:

12 + 3 × 4 = ?

దీనికి 24 కరెక్టే! నా ఖర్మ కొద్దీ ఇచ్చిన నాలుగు జవాబుల్లో 24 కూడా ఉంది. అందుకే పరీక్షలో ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి ప్రశ్నకి నంబరు జిరాక్సులో ఎగిరిపోయిందనుకున్నారట పిల్లలు.

అప్పుడు కూర్చుని పేపరంతా వేలు పెట్టి చదివాను. తొమ్మిదోది ⑨5² + 1 అని వేస్తే 952 + 1 అయింది. చొక్కాకి 2½ మీటర్ల గుడ్డ అంటే 21⁄2 మీటర్లు అయింది. ఏ దర్జీ కుడతాడండి అంత చొక్కా?

రెండో భాగంలో నల్ల సున్నాలు మాత్రం చెక్కు చెదరలేదు. అక్కడ కూడా ఒక చోట 10² పోయి 102 అయింది, కానీ పక్కనున్న ❻ అలాగే ఉంది. నాకు బుర్ర తినేస్తున్నది ఇదే. తెల్ల సున్నా పోయి నల్ల సున్నా ఉండడం ఏటి? రెండూ ఒకటే కదా, ఒకటి రంగు వేసింది, ఒకటి వెయ్యనిది.

గుణుపురం_బండి:

ఫాంట్ ప్రాబ్లమండి. ఆ గుర్తులు మీ తెలుగు ఫాంటులో ఉండవు. నోటో వేసుకోండి, అన్నీ వచ్చేస్తాయి. ఫాంటులో గుర్తు లేకపోతే వచ్చే ఖాళీ డబ్బాల్ని టోఫు అంటారు, అవి కనబడకూడదనే, 'నో టోఫు' అని, ఆ ఫాంటుకి ఆ పేరు పెట్టారు.

పర్లాకిమిడి_టైపింగు:

డబ్బాలు రాలేదండి. వస్తే అప్పుడే పట్టుకుందును. మామూలు 1, మామూలు 2 వచ్చాయి. ఫాంటు మార్చి చూశాను, అయినా అంతే.

బరంపురం_కోడు:

అక్కా, ఫాంటు కాదు. ఫాంటు తప్పయితే వేషం మారుతుంది, మనిషి మారడు. మీ పేపర్లో మనిషే మారిపోయాడు.

ముందు ఒక పని చేసి చూడండి. అదే పేజీలో 5² ఒక్కటీ వేసి బటన్ నొక్కండి. 52 వస్తే దొంగ దొరికినట్టే. దాన్ని ఎన్ఎఫ్‌కేసీ అంటారు. ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా రాసినప్పుడు అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి. వెతకడానికి ఇది బంగారం. మీరు 1 అని వెతికితే ① ఉన్న చోటు కూడా దొరకాలంటే వెనకాల ఇలాంటిదేదో జరగాలి. కానీ అచ్చుకి వెళ్ళే మేటరు మీద నడిపితే మీకు జరిగిందే జరుగుతుంది. ² దిగి 2 అవుతుంది, ½ విడిపోయి 1⁄2 అవుతుంది, ① సున్నా విప్పేసి 1 అవుతుంది. ఆ పేజీ కట్టినవాడు కనబడని చెత్త తీద్దామని మొదలుపెట్టి దీన్ని కూడా కలిపేసి ఉంటాడు. దీనికి ఎన్ఎఫ్‌సీ అని మెత్తని తమ్ముడు ఒకడున్నాడు. వాడు ① నీ ముట్టుకోడు, ² నీ ముట్టుకోడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తెల్లదీ నల్లదీ ఒకటే అని మీరన్నారు. చూపుకి అన్నదమ్ములు, పుట్టిన ఇళ్ళు మాత్రం వేరు.

① వచ్చింది తూర్పు దేశాల కంప్యూటర్ల నుంచి. ఏ అక్షరానికి ఏ నంబరో చెప్పే పట్టీ ఒక్కో దేశానికి ఒకటి ఉండేది. చైనా 1980లో పెట్టుకున్న జీబీ 2312 పట్టీలో ① నుంచి ⑩ వరకు ఉన్నాయి. కొరియా 1987 పట్టీలో ⑮ దాకా. జపాన్‌లో ఎన్ఈసీ కంపెనీ సొంతంగా ⑳ దాకా చేర్చుకుంది. ఆ సొంతంగా అన్నదాంతోనే తంటా వచ్చింది. ఎన్ఈసీ దారిలో నడిచే కంప్యూటర్లో ① కొట్టి పంపితే అప్పటి జపాన్ మ్యాక్‌లో బ్రాకెట్లో 'ఆది' అని పడేది. ②కి 'సోమ'. మ్యాక్ వాళ్ళు అవే గదుల్లో, అంటే అవే నంబర్లలో, వారాల పేర్లు పెట్టుకున్నారు మరి. మొదటి అంశం, రెండో అంశం అని వరసగా రాసి పంపితే అవతలివాళ్ళు ఆదివారం, సోమవారం అని చదువుకోవడం! మీ 24 కథ విన్నాక నాకు ముందు అదే గుర్తొచ్చింది.

1991లో యూనికోడ్ మొదలైనప్పుడు ఈ పాత పట్టీల్లో ఉన్నవన్నీ పోకుండా అటూ ఇటూ మారాలని ①–⑳ని 2460 నుంచి గదుల్లో పెట్టారు. పెడుతూ ఒక్కోదాని పక్కన "ఇది అసలుకి 1, చుట్టూ సున్నా ఉంది" అని రాసిపెట్టారు. ఎన్ఎఫ్‌కేసీ చదివేది ఆ రాతనే.

నల్ల ❶ ది అచ్చు వాళ్ళ ఇల్లు. జర్మనీలో హెర్మన్ జాఫ్ అనే అక్షరశిల్పి గీసిన జాఫ్ డింగ్‌బ్యాట్స్ అని 1978లో ఒక ఫాంటు వచ్చింది. కత్తెరలు, పూలు, బాణాలు, టిక్కులు, వాటి మధ్య ఈ నల్ల అంకెలు. తర్వాత లేజర్ ప్రింటర్ల లోపలే ఇమిడి వచ్చేది. యూనికోడ్ ఆ ఫాంటులోని గుర్తుల్లో చాలావాటిని తీసుకుని 2700 నుంచి గదులిచ్చింది. కత్తెర బొమ్మ పక్కన "ఇది అసలుకి ఫలానా అక్షరం" అని ఏం రాస్తారు? అలాగే ❶ పక్కన కూడా ఏమీ రాయలేదు. దాని విలువ 1 అని వేరే చోట ఉంది గానీ, విప్పమని మాత్రం ఎక్కడా లేదు. అందుకే మీ ❻ బతికింది, పక్కనున్న ² కొట్టుకుపోయింది.

ఇంకో గమ్మత్తు చూడండి.

① ➀

రెండూ తెల్లవే. రెండోది కొంచెం సన్నం, అంతే తేడా. మొదటిది 2460, రెండోది 2780, జాఫ్ గారి బొమ్మల్లోది. ఆ పేజీలో వేస్తే మొదటిది 1 అవుతుంది, రెండోది ➀గానే ఉంటుంది. కాబట్టి తెలుపు నలుపుల గొడవ కాదక్కా ఇది.

మీరు ఎప్పుడైనా ⒈ వాడారా? చుక్కతో కలిపి ఒకే అక్షరం, ఇదీ చైనా పట్టీ సరుకే. దాన్ని విప్పితే '1.' అవుతుంది. పక్కనే 5 ఉంటే మీ ఒకటో ప్రశ్న 1.5 అయి కూర్చుంటుంది. ⑴ ఒక్కటే కాస్త నయం, విప్పినా బ్రాకెట్లు మిగులుతాయి.

పాతపట్నం_కంపోజిటరు:

అమ్మాయ్, మీ ఊరికి ఏరు దాటితే మా ఊరు. నేను చేతి కంపోజింగు వాణ్ణి, ఇప్పుడు ఖాళీ. ఈ కోడ్ల సంగతి నాకు తెలీదు గాని ఒక్క ముక్క చెప్తాను, ఏటీ అనుకోకు.

సీసం అక్షరాల రోజుల్లో సున్నా చుట్టిన అంకె మా కేసులో ఉండేది కాదు. ఎవరైనా కావాలంటే బ్లాకు చేయించాలి, అది వచ్చేసరికి పెళ్ళయిపోయేది. బ్రాకెట్టు పెట్టి ఊరుకునేవాళ్ళం. ఏది పెట్టినా నంబరు తర్వాత ఒక క్వాడ్ పడాల్సిందే. క్వాడ్ అంటే అచ్చు పడని సీసం ముక్క, ఖాళీ కోసం పెడతాం. అది మర్చిపోతే మా ఫోర్‌మన్ అక్షరాలు పేర్చే స్టిక్కు చేతిలోంచి లాక్కునేవాడు. "ఖాళీ కూడా అక్షరమేరా" అని అరిచేవాడు. నువ్వు సున్నాని గోడ అనుకున్నావు. గోడ కాదమ్మా అది, చీర అంచు. ఎవడు లాగినా వచ్చేస్తాది.

అంకెలకి వేరే ప్రూఫు చూడాలి. మేటరు ప్రూఫు అయ్యాక, ఇంకొకరు అంకెలు మాత్రమే పైకి చదవాలి, నువ్వు రాతప్రతి చూస్తూ వినాలి. మీ ఆయన ఉన్నాడు కదా.

పర్లాకిమిడి_టైపింగు:

కంపోజిటరు గారూ, చీర అంచు మాట మా ఆయనకి చదివి వినిపించాను. రెండు రోజుల నుంచి షాపులో ఆయన నోట అదే.

బరంపురం తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశాను. 5² వేస్తే 52. ① ➀ వేస్తే 1 ➀. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకు. తర్వాతి పరీక్ష 60 ప్రశ్నలట. ⑳ అయ్యాక ㉑ దొరికింది గానీ లైన్లో ఎత్తుగా, వేరే ఊరిదానిలాగ కనబడుతోంది. 50 దాటితే అసలు దొరకట్లేదు. రెండోది, మా దగ్గరికి వచ్చే సిద్ధాంతి గారు జాతకాలకి తెలుగు అంకెలే కావాలంటారు, ౧ కి సున్నా చుట్టమంటారు. ఒడియా వాళ్ళు ୧ కి చుట్టమంటారు. వాటికి గదులు లేవా?

బరంపురం_కోడు:

వేరే ఊరిదే అక్కా, మీ కన్ను సరిగ్గానే పట్టింది. 21 నుంచి 50 వరకు 2002లో, యూనికోడ్ 3.2లో వచ్చాయి. జపాన్ వాళ్ళు 2000లో పెట్టుకున్న కొత్త పట్టీ కోసం. 2460 వరసలో చోటు లేక వాటిని తీసుకెళ్ళి చైనా, జపాన్ అక్షరాల పేటలో పెట్టారు. ㉑ ఉండేది 3251లో. మీ ఫాంటులో ① ఉండి ㉑ లేకపోతే కంప్యూటర్ పక్క ఫాంటు నుంచి అరువు తెస్తుంది, అదే మీకు కనబడే ఎత్తు. నల్లవాటిలో ⓫ నుంచి ⓴ కూడా అప్పుడే వచ్చాయి. 50 తర్వాత లేవు. ⓪ ఉంది గానీ 51 లేదు.

60 ప్రశ్నలంటే గుర్తుల జోలికి పోవద్దు. వర్డ్‌లో మామూలు అంకె వేసి, ట్యాబ్ కొట్టి, చుట్టూ గుండ్రం గీయండి, లేకపోతే కోరల్‌లో పేర్చండి. అంకె అంకెగా ఉంటుంది, సున్నా బొమ్మగా ఉంటుంది. పది లోపు చిన్న పట్టీలైతే ❶ లు హాయిగా వాడుకోండి. వర్డ్‌లో 2776 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ❶ వస్తుంది. 2460కి ①.

చందాల పట్టీలాంటివి ఎక్సెల్‌లో చేస్తే మాత్రం లెక్కల గడిలో వీటిని వేయకండి. ⑤ అని వేస్తే ఎక్సెల్‌కి అది మాట, అంకె కాదు. మొత్తంలో కలపదు, కలపలేదని చెప్పదు కూడా.

గుణుపురం_బండి:

ముందు తొందరపడి ఫాంటు అనేశాను, క్షమించండి మేడం. తెలుగు అంకెల సంగతి నేను చెప్తాను, ఆ పని నాకు పడింది.

సున్నా చుట్టిన ౧ కి యూనికోడ్‌లో గది లేదు, ఒడియా ୧ కీ లేదు. మా వైపు సవర పిల్లల కోసం అంకెల చార్టు చేస్తున్నాం. సవర లిపిని 1936లో మంగెయి గమాంగో తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది, సొంత అంకెలతో సహా. ఎంత మురిసిపోయామో. కానీ సున్నా చుట్టినవి వాటికీ లేవు. 1936 అంటే మీ పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఏడే. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళో ఉండి సవర భాషకి ఎంత చేశారో మీకు నేను చెప్పాలా.

ఒక దొడ్డిదారి ఉంది. ముందున్న అక్షరానికి సున్నా చుట్టే గుర్తు ఒకటి విడిగా ఉంది. ౧ కొట్టి దాన్ని తగిలిస్తే ఇలాగ వస్తుంది: ౧⃝. మీకు ఎలా కనబడుతోందో గానీ నా ఫోన్‌లో సున్నా పక్కకి జారిపోయింది, లాప్‌టాప్‌లో ౧ తల బయటికి వచ్చింది. రెండంకెలైతే అసలు కుదరదు, చివరిదానికే చుట్టుకుంటుంది. చార్టుకి చివరికి మేం గుండ్రాలు గీసుకుని మధ్యలో అంకెలు పెట్టుకున్నాం. సిద్ధాంతి గారికీ అదే చేయండి.

బరంపురం_కోడు:

దీనికో ముక్క కలుపుతాను. మన ౧, ఒడియా ୧, సవర అంకెలు, ఇవన్నీ యూనికోడ్ లెక్కలో నిఖార్సైన అంకెలు. ఎన్ఎఫ్‌కేసీ వాటిని ముట్టుకోదు. పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషకి ౧౪ ఇచ్చి అంకెగా మార్చమంటే బుద్ధిగా 14 అంటుంది. ① ఇస్తే మొహం మీదే తప్పు చూపిస్తుంది. సిద్ధాంతి గారు మనందరికన్నా సేఫు.

పర్లాకిమిడి_టైపింగు:

తమ్ముళ్ళకీ కంపోజిటరు గారికీ దండాలు. 180 కాపీలూ మళ్ళీ తీసి డబ్బులు తీసుకోకుండా ఇచ్చాం. ఈసారి అంకెలు మా ఆయన పైకి చదివారు, నేను మాస్టారి మెసేజీ చూస్తూ విన్నాను. "ఐదు, పైన చిన్న రెండు" అని చదువుతుంటే జిరాక్సుకి వచ్చినవాళ్ళు వింతగా చూశారు.

పరీక్ష మళ్ళీ పెట్టలేదు. చెడిపోయిన ప్రశ్నలు తీసేసి, మొదటిదానికి మాత్రం 14 పెట్టినా 24 పెట్టినా మార్కు వేస్తానన్నారు మాస్టారు. నేనన్నాను, అచ్చులో 12 ఉంటే 14 ఎవరు పెడతారండీ అని. ఒక గుంటడు పెట్టాడట. ఎలా వచ్చిందిరా అంటే, "మిగతా అన్నిటికీ ముందు నంబరు అంటుకునే ఉంది కదండీ, దీనికీ ఆ 1 నంబరే అనుకున్నాను" అన్నాడట.